పాత వాల్వ్ టెస్టర్: ఏది తీసుకోవాలి, ఎంతవరకు మార్చాలి?

బెంగళూరులో పాత రేడియోలు, వాల్వ్ (వ్యాక్యూమ్ ట్యూబ్ అనే గాజు గొట్టం) యాంప్లిఫయర్లు బాగుచేసుకునే తెలుగువాళ్ళం ఐదుగురం ఉన్నాం. శనివారం మధ్యాహ్నం విద్యారణ్యపురలో ఒకరి ఇంటి మేడ మీది గదిలో చేరతాం. మాలో పెద్దాయన జాలహళ్ళిలోని భారత్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1954లో మొదలైన ఆ సంస్థ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. అందుకే ఈ ఊళ్ళో పాత ఇళ్ళ అటకల మీద, ఆదివారం సంతల్లో, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డు సందుల్లో ఇప్పటికీ ఆ ముద్ర ఉన్న ఈఎల్84, ఈసీసీ83 రకం వాల్వులు కనిపిస్తూ ఉంటాయి. ఒక్కోసారి అట్టపెట్టె కూడా చెదరకుండా దొరుకుతాయి.

దొరికిన వాల్వు బాగుందో లేదో కంటితో చెప్పడం కష్టం. గాజు లోపలి వెండి మచ్చ పాలలా తెల్లబడితే గాలి చొరబడిందని అర్థం, దాన్ని పక్కన పడేయొచ్చు. ఫిలమెంటు తెగిందో లేదో మల్టీమీటర్ చెబుతుంది. అంతకు మించి తెలియాలంటే టెస్టర్ కావాలి. గత కొన్నేళ్ళలో మా చేతుల మీదుగా నాలుగు రకాల టెస్టర్లు వెళ్ళాయి. ప్రతిదాన్నీ కొంత మార్చాం, కొన్ని మార్పులు వెనక్కి తీసుకున్నాం. కొత్తగా ఈ దారిలోకి వచ్చేవాళ్ళు నన్ను అడిగేది "ఏది కొనాలి అన్నా?" అని. "కొన్నాక దాన్ని ఎంతవరకు ముట్టుకోవచ్చు?" అని కూడా అడగాలి. నా లెక్కలో ఆ రెండో ప్రశ్నే పెద్దది.

ఎందుకంటే పాత టెస్టర్‌తో పాటు వచ్చే చార్టు, అంటే ఏ వాల్వుకు ఏ నాబ్ ఎక్కడ పెట్టాలో, ముల్లు ఎక్కడికి రావాలో చెప్పే కాగితం, ఆ టెస్టర్ లోపలి సర్క్యూట్‌ను బట్టి రాసినది. ఆ సర్క్యూట్‌లో ఈనాటి కంటికి లోపంలా కనిపించేది కూడా ఆ లెక్కలో భాగమే. మనం దాన్ని "మెరుగు" చేస్తే చార్టు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.

ఎమిషన్ టెస్టర్

అన్నిటికంటే చవకైనది ఇదే. హీత్‌కిట్ టీసీ-2, ఐకో 625 లాంటివి ఈ జాతికి చెందినవి. వాల్వులో వేడెక్కిన క్యాథోడ్‌కూ ప్లేటుకూ మధ్య కరెంటు నడుస్తుంది, మధ్యలోని గ్రిడ్లు దాన్ని అదుపు చేస్తాయి. ఈ టెస్టర్ గ్రిడ్లన్నిటినీ ప్లేటుతో కలిపేసి, వాల్వును ఉత్త డయోడ్‌లా (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేదానిలా) చేసి, క్యాథోడ్ నుంచి ఎంత కరెంటు వస్తుందో చూస్తుంది. ముల్లు ఆకుపచ్చ గీతలో ఉంటే బాగున్నట్టు, ఎర్ర గీతలో ఉంటే పోయినట్టు.

ఇంటి రేడియో ఒకటి రెండు బాగుచేసుకునేవాళ్ళకు ఇది చాలు. పూర్తిగా అరిగిన వాల్వును పట్టుకుంటుంది, షార్టులు (లోపలి భాగాలు ఒకదానికొకటి తగలడం) చూపిస్తుంది. కానీ వాల్వులో అసలు పనిచేసేది గ్రిడ్డు. చిన్న వోల్టేజీ మార్పుతో పెద్ద కరెంటును అది ఎంత బాగా నడిపిస్తుందో ఈ పరీక్షలో కొలవనే కొలవం. క్యాథోడ్ బాగుండి గ్రిడ్ చెడిన వాల్వు ఇందులో హాయిగా పాసైపోతుంది. పైగా బటన్ ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే సున్నితమైన వాల్వులకు దెబ్బ. రెండు మూడు సెకన్లలో ముల్లు చూసి వదిలేయాలి.

దీన్ని మార్చి గొప్పదాన్ని చేయాలని చూడొద్దు. కొత్త త్రీ-పిన్ వైరు, ఒక ఫ్యూజు, ఎండిపోయిన కెపాసిటర్ల మార్పు, అంతే. ఇంకొక్కటి చేయాలనిపిస్తే షార్ట్ టెస్ట్ నియాన్ దీపం పనిచేస్తోందో లేదో చూడండి. పాత నియాన్‌లు లోపల నల్లబడి వెలగవు. అది వెలగనప్పుడు షార్టు ఉన్న వాల్వు కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది.

అమెరికా మిలిటరీ పెట్టె: టీవీ-7, హికాక్

మాలో ఒకతను అమెరికాలో ఉద్యోగం ముగించుకుని వస్తూ టీవీ-7డీ తెచ్చుకున్నాడు. హికాక్ కంపెనీ సర్క్యూట్ మీద కట్టిన మిలిటరీ టెస్టర్ అది. గ్రిడ్‌కు చిన్న ఏసీ సిగ్నల్ ఇచ్చి, ప్లేటు కరెంటు ఎంత ఊగిందో చూస్తుంది. ఈ ఊపునే మ్యూచువల్ కండక్టెన్స్ అంటారు, వాడుకలో జీఎమ్. ఎమిషన్ టెస్టర్ కంటే ఇది ఎన్నో మెట్లు పైన.

ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. టీవీ-7 మీటరు మీద మైక్రోమోలు (జీఎమ్ కొలిచే యూనిట్లు) ఉండవు, ఉత్త అంకెలే ఉంటాయి. పుస్తకంలో ఇచ్చిన కనిష్ఠ అంకె కంటే ముల్లు పైన ఉంటే వాల్వు పాస్. నేరుగా మైక్రోమోల్లో చదవాలంటే హికాక్ 539సీ లాంటిది కావాలి, దాని ధర వేరు. రెండిటిలోనూ ప్లేటుకు ఇచ్చేది సుమారు 150 వోల్టులే. తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లో ఈసీసీ83కి 250 వోల్టుల దగ్గర 1600 మైక్రోమోలు అని ఉంటుంది. అదే 100 వోల్టుల దగ్గర 1250. కాబట్టి ఈ పెట్టె చూపించిన సంఖ్యను డేటాషీట్‌తో పోల్చి "వాల్వు బలహీనం" అనేయడం తప్పు. పోల్చాల్సింది దాని సొంత చార్టుతోనే.

ఇప్పుడు మన ఊరి కరెంటు సంగతి. ఇవి 115 వోల్టులు, 60 హెర్ట్జ్ కోసం చేసినవి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ దించగలం, హెర్ట్జ్ మాత్రం 50 దగ్గరే ఉంటుంది. 50 హెర్ట్జ్ దగ్గర 115 వోల్టులు ఇస్తే లోపలి ఇనుప కోరు మీద పడే భారం 60 హెర్ట్జ్ దగ్గర 138 వోల్టులు ఇచ్చినంత. అందుకే మాది అరగంటలోనే వేడెక్కేది. డిమ్మర్‌స్టాట్ (నాబ్ తిప్పి వోల్టేజీ మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి, టెస్టర్ లైన్ అడ్జస్ట్ నాబ్‌తో ముల్లు గుర్తు మీదికి రావడానికి ఎంత తక్కువ వోల్టేజీ సరిపోతుందో చూసి, అంతే ఇస్తున్నాం. మార్కెట్లో దొరికే చాలా స్టెప్‌డౌన్ పెట్టెలు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వాటిలో మెయిన్స్ నుంచి ఐసొలేషన్ ఉండదు, అంటే అవుట్‌పుట్ నేరుగా మెయిన్స్‌తోనే కలిసి ఉంటుంది. ప్రైమరీ, సెకండరీ విడిగా చుట్టినదే కావాలని చెప్పి చుట్టించుకోండి. ప్రైమరీకి 210, 230, 250 ట్యాపులు పెట్టించుకుంటే ఇంకా మంచిది, వేసవి సాయంత్రాల్లో అవసరం వస్తుంది.

ఇక్కడే మా మొదటి మంచి మార్పు కుదిరింది. హికాక్ సర్క్యూట్‌లో 83 అనే రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే) వాల్వు ఉంటుంది. లోపల పాదరసం ఆవిరి, వెలిగితే నీలంగా భలే అందంగా ఉంటుంది. పగిలితే మాత్రం గదిలో పాదరసం. దాని ఫిలమెంటు ఒక్కటే 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు, అంటే 15 వాట్లు తాగుతుంది. దాని బదులు డయోడ్లు పెడితే ఆ 15 వాట్ల భారం వేడెక్కే ట్రాన్స్‌ఫార్మర్ మీద నుంచి దిగిపోతుంది. 50 హెర్ట్జ్ ఊళ్ళో ఉన్న మనకు ఇది రెట్టింపు లాభం.

కానీ ఉత్త డయోడ్లు పెట్టి వదిలేయకూడదు. 83లో కరెంటు ఎంతున్నా దాదాపు 15 వోల్టులు పోతాయి. సిలికాన్ డయోడ్‌లో ఒక్క వోల్టు. ఆ తేడా వల్ల ప్లేటు వోల్టేజీ పెరిగి ప్రతి వాల్వూ ఉన్నదానికంటే ఆరోగ్యంగా కనిపిస్తుంది. అందుకని డయోడ్‌కు వరుసలో 5 వాట్ల జీనర్ (నిర్ణీత వోల్టేజీని తగ్గించే డయోడ్) పెట్టి ఆ వోల్టులు మళ్ళీ తగ్గించాలి. మేం దీన్ని పాత వాల్వు బేసులోనే కట్టాం. ఎప్పుడైనా లాగేసి అసలు 83 గుచ్చుకోవచ్చు. పక్కనే ఉండే 5వై3ని మాత్రం కదపలేదు. దానిలో పోయే వోల్టేజీ కరెంటును బట్టి మారుతుంది, గ్రిడ్ బయాస్ (గ్రిడ్‌కు ఇచ్చే నెగటివ్ వోల్టేజీ) దాని మీద ఆధారపడి ఉంటుంది. పైగా 5వై3 దొరకడం కష్టమేం కాదు.

చెడ్డ మార్పు కూడా చెప్పాలి. ఈ టెస్టర్‌లో 49 నంబరు చిన్న బల్బు ఒకటి ఉంటుంది. అది మాడిపోతే మా మిత్రుడు "ఇండికేటరే కదా బావా" అని రెసిస్టర్‌తో కలిపి ఎల్ఈడీ పెట్టేశాడు. ఆ తర్వాత ఏ వాల్వు పెట్టినా ముల్లు లేవలేదు. రెండు శనివారాలు మీటరును అనుమానించాం, స్విచ్చులు కడిగాం. చివరికి పెద్దాయన సర్క్యూట్ కాగితం మీద వేలు పెట్టి చూపించారు: అది దీపం కాదు, బయాస్ వైపు ఫ్యూజు. వాల్వు కరెంటు దాని గుండానే పోవాలి. అసలు బల్బు తెప్పించి పెట్టాక అన్నీ సర్దుకున్నాయి. ప్లేటు వోల్టేజీకి స్మూతింగ్ కెపాసిటర్ వేయడం కూడా ఈ కోవకే చెందుతుంది. లోపల వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండటం చూసి చేయి దురద పెడుతుంది. వేయకండి. ఆ ఎగుడుదిగుడుకే చార్టు రాశారు.

ఇంగ్లండు ఏవో: సీటీ160

ఏవో కంపెనీ మిలిటరీ కోసం చేసిన సూట్‌కేస్ ఆకారపు టెస్టర్. మా నాలుగింటిలో నాకు బాగా నచ్చినది. మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కు నేరుగా పనిచేస్తుంది. వాల్వు పిన్నుల వరుసను తొమ్మిది చిన్న చక్రాలతో అమర్చుకోవాలి. ప్లేటు వోల్టేజీ, స్క్రీన్ (రెండో గ్రిడ్) వోల్టేజీ, గ్రిడ్ వోల్టేజీ మనమే పెట్టుకోవచ్చు. కాబట్టి ఈఎల్84ను దాని డేటాషీట్ చెప్పిన చోటే, 250 వోల్టులు, గ్రిడ్ మైనస్ 7.3 దగ్గర పెట్టి, 48 మిల్లీఆంపులు వస్తున్నాయా, జీఎమ్ వోల్టుకు 11.3 మిల్లీఆంపులు ఉందా అని చూడొచ్చు. పుష్-పుల్ యాంప్లిఫయర్‌కు (రెండు వాల్వులు జతగా పనిచేసేది) జత కుదర్చాలనుకునేవాళ్ళకు కావలసింది ఇదే. గ్రిడ్‌కు 40 వోల్టుల దాకానే ఇవ్వగలదు కాబట్టి 300బీ లాంటి, మైనస్ 61 అడిగే వాల్వులను మామూలు పాయింటు దగ్గర చూడలేం.

దీని లోపల ప్లేటుకు డీసీ ఇవ్వరు, ఏసీయే ఇస్తారు. వాల్వు తానే సగం తరంగాన్ని కోసుకుంటుంది. 250 అని పెడితే అందేది అందులో 1.1 రెట్లు, అంటే సుమారు 275 వోల్టుల ఏసీ. గ్రిడ్‌కు కూడా సగం తరంగమే, అందుకే డీసీ మల్టీమీటర్‌తో కొలిస్తే డయల్ మీది సంఖ్యలో సగం కంటే కొంచెం ఎక్కువగా, 0.52 వంతు చూపిస్తుంది. మొదటిసారి ఇది చూసి టెస్టర్ చెడిపోయిందనుకుని క్యాలిబ్రేషన్ పాట్లు (కొలత సరిచేసే చిన్న నాబ్‌లు) తిప్పేసేవాళ్ళున్నారు. దయచేసి తిప్పకండి. లెక్క సరిగ్గానే ఉంది.

మార్పుల్లో మాకు బాగా పనికొచ్చినవి రెండు. ఒకటి, సాకెట్ పిన్నుల వైర్లకు ఫెరైట్ పూసలు తొడగడం. ఈఎల్34 లాంటి జీఎమ్ ఎక్కువున్న వాల్వులు ఆ పొడవాటి వైరింగులో తమంతట తామే ఆసిలేట్ అవుతాయి (సొంతంగా సిగ్నల్ పుట్టిస్తాయి), ముల్లు పిచ్చిగా కొట్టుకుంటుంది లేదా నిశ్శబ్దంగా తప్పు చూపిస్తుంది. పూసలు తొడిగాక చాలావరకు కుదురుకున్నాయి. వోల్టేజీ మీద ఏ ప్రభావమూ ఉండదు, కావాలంటే తీసేయొచ్చు. రెండోది, లోపలి రెసిస్టర్లను ఒక్కొక్కటిగా కొలవడం. పాత కార్బన్ రెసిస్టర్లు ఏళ్ళు గడిచేకొద్దీ విలువ పెరిగిపోతాయి. మీటరు సర్క్యూట్‌లో ఉన్నవాటిని ఒక శాతం మెటల్ ఫిల్మ్‌తో మార్చాం. పాతవాటిని పొట్లం కట్టి పెట్టెలోనే ఉంచాం.

దీని బాధల్లా మీటరు. దెబ్బ తగిలిన మీటరు ఉన్నది ఎంత చవకగా వచ్చినా కొనకండి. మావాడు ఒకసారి అలా తీసుకున్నాడు. అమ్మినవాళ్ళు "ముల్లు కొంచెం బిగుసుకుంది, తట్టితే కదులుతుంది" అన్నారు. తట్టినా కదల్లేదు. ఆ మీటరు ఓం విలువ, సున్నితత్వం సరిపోయే మరో మీటరు కోసం ఏడాది తిరిగాం. డిజిటల్ ప్యానెల్ మీటర్ పెడితే పోలేదా అంటారు. పెట్టొచ్చు కానీ సగం తరంగాల కరెంటును ముల్లు సహజంగా సగటు తీసి చూపిస్తుంది, డిజిటల్‌కు ముందు సరైన ఫిల్టర్ కట్టాలి. పైగా గాలి చొరబడ్డ వాల్వులో కరెంటు మెల్లగా పాకుతూ పైకి పోవడం ముల్లులోనే కంటికి ఆనుతుంది. నేనైతే ముల్లునే కాపాడుకుంటాను.

చెన్నైలో ఉన్నవాళ్ళకు ఒక మాట. సముద్రపు గాలికి ఈ చక్రాల స్విచ్చుల కాంటాక్టులు ఇక్కడికంటే త్వరగా నల్లబడతాయి. వాడినా వాడకపోయినా నెలకొకసారి అన్ని చక్రాలూ అటూ ఇటూ తిప్పండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి.

కొత్తగా కట్టుకోవడం: యూట్రేసర్

మాలో చిన్నవాడు, వైట్‌ఫీల్డ్‌లో చిప్ డిజైన్ చేసేవాడు, యూట్రేసర్3 అనే టెస్టర్ కట్టాడు. 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జరుతో నడుస్తుంది, కంప్యూటర్ తెర మీద వాల్వు వంపు గీతలు మొత్తం గీసి చూపిస్తుంది. ప్లేటుకు ఎక్కువ వోల్టేజీని అతి చిన్న పల్సుల్లో ఇస్తుంది కాబట్టి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. గ్రిడ్‌కు మైనస్ 50 దాకా ఇస్తుంది. చార్టు మీద ఆధారపడాల్సిన పనే లేదు, డేటాషీట్‌తో నేరుగా పోలుస్తాం.

స్నేహితులు కలిసి కట్టుకోవడానికి ఇంతకంటే మంచి పని నాకు కనిపించలేదు. ఒకరు టంకం, ఒకరు సాకెట్ల పెట్టె, ఒకరు క్యాలిబ్రేషన్. అయితే షార్టు ఉన్న వాల్వును నేరుగా ఇందులో పెట్టకూడదు. ముందు ఎమిషన్ టెస్టర్‌లో షార్ట్ పరీక్ష చేసి, పాసైనదాన్నే ఇక్కడ పెడతాం. పల్సు చాలా చిన్నది కాబట్టి, వేడెక్కాక పాడయ్యే వాల్వులను ఇది పట్టుకోదు. అలాంటివి ఏవోలో పది నిమిషాలు ఉంచితే బయటపడతాయి.

అన్నిటికీ పెద్దమనిషిగా ఒక చిన్న పలక

ఏది కొన్నా, ఏది మార్చినా, టెస్టర్‌ను పరీక్షించడానికి ఒక టెస్ట్ జిగ్ కట్టుకోండి. మాది చెక్క పలక మీద ఒక తొమ్మిది పిన్నుల సాకెట్, 250 వోల్టుల డీసీ, తిప్పుకోగల గ్రిడ్ వోల్టేజీ, రెండు మల్టీమీటర్లు. ఈఎల్84 పెట్టి, మైనస్ 7.3 దగ్గర కరెంటు రాసుకుంటాం. తర్వాత మైనస్ 7.1 చేస్తాం. కొత్త వాల్వు అయితే కరెంటు 2.26 మిల్లీఆంపులు పెరగాలి. 0.2 వోల్టులకు 2.26 అంటే వోల్టుకు 11.3, డేటాషీట్ మాటే. గబగబా కానివ్వాలి, ఎందుకంటే 250 వోల్టులు, 48 మిల్లీఆంపులు కలిస్తే 12 వాట్లు, ఆ ప్లేటు భరించే గరిష్ఠం అంతే.

అదే పలక మీద గ్రిడ్‌కు వరుసలో 470 కిలోఓంల రెసిస్టర్, దానికి అడ్డంగా ఒక స్విచ్ పెట్టాం. స్విచ్ తెరిచినప్పుడు ప్లేటు కరెంటు పెరిగితే గ్రిడ్ కరెంటు ఉన్నట్టే. ఒక్క మైక్రోఆంపు ఉన్నా ఆ రెసిస్టర్ మీద 0.47 వోల్టులు తేడా వస్తుంది. యాంప్లిఫయర్‌లో వాల్వు ఎర్రబడటానికి ఇదే మూలం. చవక టెస్టర్లు చూపించలేని ఈ ఒక్క జబ్బును పట్టుకోవడానికైనా పలక కట్టుకోవచ్చు.

సాకెట్ల దగ్గర 250 వోల్టులు బయటే ఉంటాయి. మా గదిలో రూలు ఒకటి: ఒక్కరే ఉన్నప్పుడు పలక ఆన్ చేయకూడదు. వాల్వు మార్చే ముందు ఆఫ్ చేసి, కెపాసిటర్ మీద వోల్టేజీ సున్నాకు దిగిందని మీటరులో చూసి, అప్పుడే చేయి పెట్టాలి. అపార్టుమెంట్లలో త్రీ-పిన్ ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చూపించుకోండి.

మీకు ఏది?

తాతగారి రేడియో ఒక్కటే పలికించాలనుకుంటే ఎమిషన్ టెస్టర్, లేదా తెలిసిన మంచి వాల్వులు నాలుగు దగ్గర పెట్టుకుని మార్చి చూడటం చాలు. యాంప్లిఫయర్లు కట్టేవాళ్ళు, జతలు కుదర్చాల్సినవాళ్ళు డబ్బు కూడబెట్టి మంచి మీటరున్న సీటీ160 తీసుకోండి, లేదా చేతిలో టంకం పని ఉంటే యూట్రేసర్ కట్టుకోండి. రెండిట్లో ఏదంటే, ఒంటరిగా పనిచేసేవారికి ఏవో, ముగ్గురు నలుగురు ఉంటే యూట్రేసర్ అంటాను. టీవీ-7ను అమెరికా నుంచి ఎవరైనా చేత్తో తెచ్చిస్తే తప్ప ఇక్కడికి తెప్పించుకోమని చెప్పను. రవాణా, స్టెప్‌డౌన్, వేడి, చార్టు, అన్నీ కలిపితే ఆ డబ్బుకు మిగతా రెండూ మెరుగు. ఇప్పటికే ఉంటే మాత్రం 83 బదులు డయోడ్-జీనర్ గుచ్చుకుని నిశ్చింతగా వాడండి.

ఏ టెస్టర్ మూత తెరిచే ముందైనా మూడు వాల్వులు ఎంచుకుని, వాటి గాజు మీద గుర్తు పెట్టి, ఆ టెస్టర్‌లో వచ్చిన రీడింగులు రాసి పెట్టుకోండి. ప్రతి మార్పు తర్వాతా అవే మూడు మళ్ళీ పెట్టి చూడండి. మా ప్రతి పెట్టె మూత లోపలా ఒక కాగితం అతికించి ఉంటుంది: తేదీ, ఏం తీశాం, ఏం పెట్టాం, ఆ మూడు వాల్వుల అంకెలు ముందు ఎంత, తర్వాత ఎంత. ఎల్ఈడీ సంగతి జరిగినప్పుడు మాకు ఆ కాగితం లేదు.